దొంగచాటు తీగ, అబద్ధమాడే మీటరు: ఒక బాల్కనీ యాంటెన్నా డైరీ

అపార్ట్‌మెంటులో ఎవరి కంటా పడకుండా రేడియో యాంటెన్నా కట్టే పనికి పూనుకునేవాళ్లకు నేను పోగొట్టుకున్న మూడు వారాలైనా మిగలాలని ఈ లెక్కలన్నీ రాసి పెడుతున్నాను. ముందుగా పరిస్థితి చెప్పాలి. తిరుపతి బైరాగిపట్టెడలో గ్రౌండ్ మీద నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు. మాది మూడో అంతస్తులో అద్దె ఇల్లు. టెర్రస్ మీద యాంటెన్నా కోసం ఒక గొట్టం నిలబెట్టుకుంటానని అడిగితే సంఘం అధ్యక్షుడు "టవర్లు కుదరవు" అని ఒక్క మాటలో తేల్చేశారు. అమెచ్యూర్ రేడియో (సరదాకు ఇంటి నుంచి రేడియోలో సందేశాలు పంపుకునే) లైసెన్సు చూపించాను, గొట్టానికీ సెల్ టవర్‌కూ తేడా వివరించాను. ఆయన లైసెన్సు మీది ముద్ర చూశారు గానీ మాట మార్చలేదు.

కాబట్టి కంటికి ఆనని యాంటెన్నా కావాలి. 20 మీటర్ల బ్యాండు, అంటే 14.000 నుంచి 14.350 మెగాహెర్ట్జ్. ట్రాన్స్‌మిటర్ శక్తి 10 వాట్లు. ఎక్కువగా ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో చిన్న సందేశాలు పంపే పద్ధతి), అప్పుడప్పుడు మోర్స్. చేతిలో ఉన్న పరికరాలు: పాత నానో వీఎన్‌ఏ (యాంటెన్నాలను కొలిచే చిన్న ఎనలైజర్, నేను మీటరని రాసేది దీన్నే), 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్, దర్జీ టేపు.

మొదటి దశ: మీటరుకు నిజం చెప్పడం నేర్పించడం

రోజు 1. ఎనలైజర్ 3,200 రూపాయలకు ఒకరు వాడి అమ్మేసింది. దానితోపాటు వచ్చిన మూడు చిన్న ఎస్‌ఎమ్‌ఏ ముక్కలతో (ఖాళీగా ఉండే ఓపెన్, కలిపేసిన షార్ట్, 50 ఓముల లోడ్) పరికరం మూతి దగ్గరే కాలిబ్రేట్ చేశాను, అంటే తెలిసిన విలువలు చూపి సరిదిద్దాను. తర్వాత 4 మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్ (నడుమ తీగ, చుట్టూ అల్లిక ఉండే 50 ఓముల రేడియో కేబుల్) తగిలించి, దాని చివర 50 ఓముల లోడ్ పెట్టాను. ఎస్‌డబ్ల్యూఆర్ (కేబుల్‌కూ దాని చివర ఉన్నదానికీ ఎంత పొత్తు కుదిరిందో చెప్పే అంకె, 1 అయితే సంపూర్ణం) 1.05. సరిపోయిందనుకుని ఆ రోజుకు ముగించాను.

ఈ పరీక్ష వల్ల ఏమీ రుజువు కాదు. 50 ఓముల కేబుల్ చివర 50 ఓములు పెడితే కేబుల్ ఎంత పొడవున్నా మీటరుకు 50 ఓములే కనిపిస్తాయి. తప్పు దాక్కోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

రోజు 2. లోడ్ తీసి 100 ఓముల రెసిస్టర్ పెట్టాను. 14.2 మెగాహెర్ట్జ్ దగ్గర వచ్చిన రీడింగ్:

- రెసిస్టెన్స్ 26.9 ఓములు
- రియాక్టెన్స్ (శక్తిని ఖర్చు చేయకుండా వెనక్కి తిప్పే అడ్డు) +8.5 ఓములు
- ఎస్‌డబ్ల్యూఆర్ 1.93

వంద ఓములు ఇరవై ఏడయ్యాయి. మొదట రెసిస్టర్‌నే అనుమానించాను. మల్టీమీటర్ 100.2 అంది. దోషం కేబుల్ పొడవుది. ఆర్‌జీ-58లో తరంగం వేగం శూన్యంలో ఉండే వేగంలో 0.66 వంతు. 14.2 మెగాహెర్ట్జ్‌కు కేబుల్‌లో ఒక పూర్తి తరంగం 13.9 మీటర్లు. నా 4 మీటర్లు అందులో పావు కన్నా కొంచెం ఎక్కువ. పావు తరంగం కేబుల్ ఇంపీడెన్స్‌ను (రెసిస్టెన్స్, రియాక్టెన్స్ కలిసినదాన్ని) తలకిందులు చేస్తుంది: 100 వెళ్లి 25 అవుతుంది. పావు దాటిన ఆ కాస్త ముక్కే రియాక్టెన్స్‌గా కనిపిస్తోంది. ఎస్‌డబ్ల్యూఆర్ 2.0 రావాల్సిన చోట 1.93 రావడానికి కారణం కేబుల్ తినేసిన శక్తి.

ఎస్‌డబ్ల్యూఆర్ ఒక్కటే చూసేవారికి ఈ దోషం ఎప్పటికీ దొరకదు. యాంటెన్నా తగిలించే చోట రెసిస్టెన్స్ ఎంతో నాకు తెలియాలి. అది ఎందుకో నాలుగో దశలో వస్తుంది.

రోజు 3. కేబుల్ చివర కాలిబ్రేట్ చేయాలంటే అక్కడి పీఎల్-259 ప్లగ్గుకు సరిపోయే ముక్కలు కావాలి. మూడు ఎస్‌ఓ-239 సాకెట్లు తెచ్చి సొంతంగా చేసుకున్నాను. ఒకటి ఖాళీగా వదిలేస్తే ఓపెన్. రెండోదానిలో నడిమి పిన్నుకూ అంచుకూ మధ్య వెడల్పాటి రాగి రేకు అతికిస్తే షార్ట్. మూడోది లోడ్, తలనొప్పంతా దానితోనే.

మొదటి ప్రయత్నంలో 100 ఓముల 10 వాట్ల సిమెంటు రెసిస్టర్లు రెండు సమాంతరంగా కలిపాను. మల్టీమీటర్‌లో 50 చక్కగా వచ్చింది. 14.2 మెగాహెర్ట్జ్‌లో రియాక్టెన్స్ +120 దాటింది. లోపల ఉన్నది చుట్టిన తీగ, అంటే అది రెసిస్టర్ వేషంలో ఉన్న కాయిలు. డీసీకి పనికొస్తుంది గానీ రేడియోకు పనికిరాదు.

రెండోసారి పావు వాటు మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు, ఒక శాతం రకం, పది కొన్నాను. మల్టీమీటర్ తీగలు రెండూ ఒకదానికొకటి తాకిస్తే 0.3 ఓములు చూపింది. ప్రతి రీడింగులోంచీ ఆ 0.3 తీసేసి, వందకు అతి దగ్గరగా ఉన్న జతను ఎంచుకున్నాను. వాటి కాళ్లు 3 సెంటీమీటర్ల పొడవున అలాగే ఉంచి అతికించడం ఇంకో పొరపాటు. కంపెనీ ఎస్‌ఎమ్‌ఏ ముక్కలతో కాలిబ్రేట్ చేసిన మీటరుతో దీన్ని కొలిస్తే 14 మెగాహెర్ట్జ్‌లో రియాక్టెన్స్ +2 మాత్రమే, 145 మెగాహెర్ట్జ్‌లో మాత్రం +22. ఒక్కో సెంటీమీటర్ కాలికి సుమారు 8 నుంచి 10 నానోహెన్రీల ఇండక్టెన్స్ ఉంటుంది. 20 మీటర్ల బ్యాండుకు చెల్లుతుంది, 2 మీటర్ల బ్యాండుకు (145 మెగాహెర్ట్జ్ చుట్టూ) చెల్లదు. కాళ్లు మొదలంటా కత్తిరించి, రెసిస్టర్లను పిన్నుకు రెండు వైపులా ఎదురెదురుగా అతికించాక 145లో +3కు దిగింది.

ఖర్చు: ఎనలైజర్ 3,200, కనెక్టర్లు 260, మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు 20, సిమెంటువి 10.
ఇప్పటిదాకా మొత్తం: రూ. 3,490.

రోజు 4. అన్నీ ఉన్నా రీడింగులు నిలకడగా లేవు. రెండు కారణాలు దొరికాయి.

మొదటిది పరిధి. పరికరం మొత్తం పరిధికి, 50 కిలోహెర్ట్జ్ నుంచి 900 మెగాహెర్ట్జ్ దాకా, కాలిబ్రేట్ చేసి ఆ తర్వాత 14 చుట్టూ దగ్గరగా చూస్తున్నాను. నా నానో వీఎన్‌ఏ ఒక విడతలో కొలిచేవి 101 బిందువులు. అంటే కాలిబ్రేషన్‌లో ఒక బిందువుకూ ఇంకొకదానికీ మధ్య 9 మెగాహెర్ట్జ్. 20 మీటర్ల బ్యాండంతా రెండు బిందువుల సందులో పడిపోయింది, అక్కడ పరికరం చూపేది అంచనా. తెర అంచున కాలిబ్రేషన్ గుర్తు పెద్ద 'సి' నుంచి చిన్న 'సి'కి మారితే దాని అర్థం ఇదే. నేను నాలుగు రోజులు చిన్న 'సి'ని చూస్తూ కూర్చున్నాను.

రెండోది మర. పీఎల్ ప్లగ్గు బయటి రింగు సగమే బిగించాను. కదిపితే రెసిస్టెన్స్ 3 ఓములు అటూ ఇటూ ఊగింది.

చివరికి స్థిరపడిన పద్ధతి:

1. ముందు పరిధి పెట్టాలి: 13 నుంచి 16 మెగాహెర్ట్జ్. బిందువుకూ బిందువుకూ మధ్య 30 కిలోహెర్ట్జ్.
2. పాత కాలిబ్రేషన్ రీసెట్ చేయాలి. లేకపోతే తప్పు మీద తప్పు పేరుకుంటుంది.
3. కేబుల్ చివర ఓపెన్, షార్ట్, లోడ్. ఒక్కోదాని దగ్గర నాలుగైదు విడతలు నడవనివ్వాలి. మర పూర్తిగా బిగించాలి.
4. ముగించి, ఒక నంబరులో సేవ్ చేసి, ఆ నంబరు కేబుల్ మీద కాగితం చీటీతో అంటించాలి.
5. 100 ఓములతోనూ, 25 ఓములతోనూ (100 ఓములవి నాలుగు సమాంతరంగా) సరిచూడాలి. కాలిబ్రేషన్‌కు వాడిన లోడ్‌తోనే సరిచూస్తే దొంగనే సాక్షిగా పిలిచినట్టు.

ఫలితం: 100 ఓములకు 99.4, రియాక్టెన్స్ −0.8. 25 ఓములకు 25.3, రియాక్టెన్స్ +0.5. ఇంతకన్నా నాకు అక్కర్లేదు.

రెండో దశ: బట్టల తాడు

రోజు 6. టెర్రస్ మీద ప్రతి ఫ్లాటుకూ ఒక బట్టల తాడు హక్కుంది. గొట్టం కుదరదన్న అధ్యక్షుడి తాడు కూడా అక్కడే ఉంది. నేను లోపల బోలుగా ఉండే నీలం రంగు నైలాన్ తాడు 15 మీటర్లు కొని, అందులోకి ప్లాస్టిక్ తొడుగున్న రాగి తీగ దూర్చాను. సైకిల్ చువ్వ కొస వంచి, దానికి తీగ కట్టి, పైజామాకు నాడా ఎక్కించినట్టు ఎక్కించాను. గంటన్నర పట్టింది. ఒక్కో వైపు 5.05 మీటర్లు, నడుమ ఫీడ్ పాయింటు (కేబుల్ తగిలే చోటు), దాన్ని బట్టల క్లిప్పుల డబ్బాలో దాచాను.

ఎండలో, తాడు ఖాళీగా ఉన్నప్పుడు: రెజొనెన్స్ (రియాక్టెన్స్ సున్నా అయ్యే ఫ్రీక్వెన్సీ) 14.08 మెగాహెర్ట్జ్, ఎస్‌డబ్ల్యూఆర్ 1.3. తాడు స్లాబుకు ఆరడుగుల పైన మాత్రమే ఉంది. కింద స్లాబులో ఊచల వల. ఆకాశంలోకి పోయేదెంతో సిమెంటు వెచ్చబడటానికి పోయేదెంతో అప్పుడే అనుమానించాల్సింది.

రోజు 7. పొద్దున ఏడింటికి వెళ్లేసరికి పక్క ఫ్లాటు ఆవిడ నా తాడు మీద మూడు దుప్పట్లు, ఒక బొంత ఆరేశారు. "మీ తాడు ఎంత బిగుతుగా ఉంది బాబూ, మాది కుండపొట్టలా వేలాడుతుంది" అని మెచ్చుకున్నారు కూడా. తీసేయమనడానికి నోరు రాలేదు. కొలిచాను.

- ఖాళీ తాడు: 14.08 మెగాహెర్ట్జ్
- ఆరిన జరీ చీర ఒకటి (మా ఇంటిదే, పరీక్ష కోసం వేసింది): 14.05
- తడి దుప్పట్లు, బొంత: 13.71; 14.08 దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ 3.1

నీరు తీగ చుట్టూ చేరితే తరంగానికి తీగ మరింత పొడవుగా కనిపిస్తుంది, రెజొనెన్స్ కిందికి జారుతుంది. బొంత ఆరుతున్నకొద్దీ గంట గంటకూ రీడింగు తిరిగి పైకి పాకడం చూస్తూ కూర్చోవడం బాగానే ఉంది. ఆరిందో లేదో చేత్తో పట్టి చూడకుండా మెగాహెర్ట్జ్‌లో చెప్పగలిగిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

ఈ పథకాన్ని వదిలేయడానికి కారణం మాత్రం బొంత కాదు. హాఫ్ వేవ్ తీగ రెండు కొసల్లో వోల్టేజీ అత్యధికంగా ఉంటుంది. ఆ కొసలు పిల్లల చేతికి అందే ఎత్తులో ఉన్నాయి. నేను కింద గదిలో ట్రాన్స్‌మిట్ చేస్తున్నప్పుడు పైన ఎవరు తాడు పట్టుకున్నారో నాకు తెలియదు. 10 వాట్లయినా తీగ కొసన వేలు కాలుతుంది. నైలాన్ తాడు ఎండకు పొరలు లేస్తే ఇక చెప్పనవసరం లేదు. ఇంకెవరైనా ఇది చేయాలనుకుంటే రేడియో వినడానికి మాత్రమే వాడుకోవాలి. తీగ లాగేసి తాడు మాత్రం అక్కడే ఉంచాను, ఆవిడ ఇప్పటికీ దాని మీదే ఆరేస్తున్నారు.

ఖర్చు: తాడు 90, తీగ 180.
ఇప్పటిదాకా మొత్తం: రూ. 3,760.

మూడో దశ: వాన గొట్టం వెనక

రోజు 10. మా బాల్కనీ పక్క గోడ వెంట టెర్రస్ నుంచి వాన నీటి పీవీసీ గొట్టం దిగుతుంది. నా గ్రిల్ నుంచి పారాపెట్ దాకా ఆరు మీటర్లు. 20 మీటర్ల బ్యాండుకు పావు తరంగ నిలువు తీగ అందులో ఇమిడిపోతుంది.

తీగ కోసం మోటార్ వైండింగ్ షాపుకు వెళ్లాను. ఇనామిల్ పూసిన 26 గేజి రాగి తీగ, తూకానికి ఇస్తారు. మందం 0.46 మిల్లీమీటర్లు, మీటరు బరువు ఒకటిన్నర గ్రాములకు కాస్త తక్కువ. 100 గ్రాములకు దాదాపు 68 మీటర్లు. "ఏ మోటారుకు?" అని అడిగాడు షాపతను. ఫ్యాన్‌కని చెప్పాను. ఫ్యాన్‌కు ఈ గేజి వాడరని అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

పై అంతస్తులో రిటైరైన లెక్కల మాస్టారు ఉంటారు. తీగ ఆయన ఇంటి పక్కగా పోవాలి కాబట్టి ఆయనకు చెప్పకుండా చేయడం మర్యాద కాదు. ఉన్నదున్నట్టు చెప్పాను. "అధ్యక్షుడికి తెలుసా నాయనా?" అన్నారు. తెలియదన్నాను. "సరే, నాకూ తెలియదు" అన్నారు. తీగ ఆయన బాల్కనీ గ్రిల్‌కు రెండు మీటర్ల అవతల, చేతికి అందని గోడ మీదుగా పోయేలా చూశాను.

రోజు 11. తీగ 5.40 మీటర్లు కత్తిరించి గొట్టం వెనక, గోడకు ఆనించి దింపాను. రేడియో భూమి స్థానంలో మా బాల్కనీ ఇనుప గ్రిల్. రెజొనెన్స్ 13.20 మెగాహెర్ట్జ్. పొడవు, ఫ్రీక్వెన్సీల గుణకారం దాదాపు స్థిరం: 5.40 ను 13.20 తో గుణించి 14.1 తో భాగిస్తే 5.06 మీటర్లు. మూడు విడతలుగా 34 సెంటీమీటర్లు కత్తిరించాను.

చివరి రీడింగు: 14.1 మెగాహెర్ట్జ్, రెసిస్టెన్స్ 58 ఓములు, రియాక్టెన్స్ సున్నా చుట్టూ. ఎస్‌డబ్ల్యూఆర్ 1.16. ఎస్‌డబ్ల్యూఆర్ 2 లోపు ఉండే వెడల్పు 1.9 మెగాహెర్ట్జ్.

ఖర్చు: తీగ 120.
ఇప్పటిదాకా మొత్తం: రూ. 3,880.

రోజు 12. సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర దాకా ఎఫ్‌టీ8లో పిలిచాను. నన్ను విన్నట్టు నమోదైన స్టేషన్లు 11. అన్నీ తూర్పు వైపే: థాయ్‌లాండ్, ఇండోనేసియా, ఇద్దరు జపాన్ వాళ్లు. ఐరోపా ఒక్కటీ లేదు. దానికి కొంత కారణం మా ఊరి భూగోళమే. ఉత్తరాన శేషాచలం కొండ గోడలా లేస్తుంది, బాల్కనీ నుంచి ఫోను పెట్టి చూస్తే కొండ అంచు పది డిగ్రీల ఎత్తులో ఉంది. ఐరోపాకు పోవాల్సిన తరంగం వాయవ్యంగా, అంతకన్నా కిందుగా పోవాలనుకుంటుంది. దాన్ని నేను మార్చలేను.

మిగతా కారణం మాత్రం నా చేతిలో ఉంది.

నాలుగో దశ: ఎస్‌డబ్ల్యూఆర్ చెడగొట్టడం

రోజు 14. మంచి ఎస్‌డబ్ల్యూఆర్ ఎందుకు అనుమానించాలో ఇక్కడ రాస్తాను, ఈ డైరీలో పనికొచ్చే భాగం ఇదే. పరిపూర్ణమైన నేల మీద నిలబెట్టిన పావు తరంగ తీగకు లెక్క ప్రకారం రెసిస్టెన్స్ 36 ఓముల చుట్టూ ఉంటుంది. అది రేడియేషన్‌కు పోయే భాగం. నాకు కనిపిస్తున్నవి 58. పైనున్న 22 ఓములు ఎక్కడివి? గోడలోని తేమ, స్లాబు ఊచలు, గ్రిల్‌కు వేసిన పెయింటు కింద సరిగ్గా అతుక్కోని వెల్డింగులు. వాటిలో వేడిగా మారే శక్తినే మీటరు రెసిస్టెన్స్‌గా లెక్కేసి 50కి దగ్గర చేసింది. నా 10 వాట్లలో సుమారు 6 మాత్రమే గాలిలోకి వెళ్తున్నాయి. వెడల్పు 1.9 మెగాహెర్ట్జ్ ఉండటం కూడా అదే చెబుతోంది. ఇంత సన్నని తీగకు అంత వెడల్పు సహజంగా రాదు, నష్టం వల్లే వస్తుంది. బాల్కనీ పుస్తకంలోని నేల కాదు కాబట్టి ఈ లెక్క ఉజ్జాయింపే, దిశ మాత్రం తప్పదు.

మొదటి రోజు కాలిబ్రేషన్‌తోనే ఉండి ఉంటే ఈ 58 నాకు కనిపించేది కాదు. కేబుల్ దాన్ని 43గానో ఇంకొకటిగానో చూపించేది, ఎస్‌డబ్ల్యూఆర్ మాత్రం అదే 1.16. నేను సంతోషించి రేడియో ముందు కూర్చునేవాణ్ణి.

రోజు 15. తీగను గోడ నుంచి దూరం చేయాలి. పారాపెట్‌కు సీరియల్ లైట్లు వేలాడదీయడానికి ఇనుప కొక్కేలు ముందే ఉన్నాయి. ఒక కొక్కేనికి 20 మిల్లీమీటర్ల వైరింగ్ పైపు ముక్క కట్టి, 40 సెంటీమీటర్లు బయటికి తెచ్చి, దాని కొస నుంచి గాలం దారంతో తీగ పైకొస కట్టాను. కింద బాల్కనీ మూలలో అలాంటిదే ఇంకో ముక్క.

దీపావళికి వారం రోజుల ముందు ఈ పని పెట్టుకోవడం కావాలనే. ఆ వారం ప్రతి అంతస్తు నుంచీ లైట్ల తీగలు జడల్లా వేలాడుతుంటాయి. నేను పట్టపగలు పారాపెట్ మీద వంగి తీగ కడుతుంటే అధ్యక్షుడు కింద నుంచి చూసి "జాగ్రత్త బాబూ" అని మాత్రం అన్నారు.

రీడింగు: రెజొనెన్స్ 14.51 మెగాహెర్ట్జ్‌కు ఎగిరింది. గోడ ప్రభావం పోయాక తీగ పొట్టిదైపోయింది. గోడకు ఆనించి ఉంచి కత్తిరించడం నా తప్పు. ఏ చోట ఉండబోతోందో ఆ చోట పెట్టాకే కత్తెర తీయాలి. 15 సెంటీమీటర్ల ముక్క తిరిగి అతికించాను. ఇనామిల్ గీకకుండా సోల్డర్ పెట్టి పది నిమిషాలు వృథా చేశాను, తర్వాత బ్లేడుతో ఎర్రటి రాగి మెరిసేదాకా గీకితే అతుక్కుంది.

5.21 మీటర్లు, 14.1 మెగాహెర్ట్జ్. రెసిస్టెన్స్ 49. ఎస్‌డబ్ల్యూఆర్ 1.02. ఈ డైరీ మొత్తంలో అతి అందమైన అంకె, అయినా నమ్మలేదు. గ్రిల్ మీద చెయ్యి వేస్తే 49 కాస్తా 53 అయింది. చెయ్యి వేస్తే మారే యాంటెన్నాలో నేనూ ఒక భాగమన్నమాట.

రోజు 16. గ్రిల్‌ను వదిలేసి, దాని బదులు నేలలా పనిచేసే రేడియల్ తీగలు వేశాను. బట్టల తాడు లోంచి లాగిన తీగ, చాలనిచోట వైండింగ్ షాపు తీగలో మిగిలింది వాడాను, కొత్త ఖర్చు లేదు. ఒక్కోటి 5.2 మీటర్లు. బాల్కనీ పొడవు 3.6 మీటర్లే కాబట్టి మూల దగ్గర వంచి, నేల అంచు వెంట కేసింగ్ పట్టీలో దాచాను.

- గోడకు ఆనించి, గ్రిల్‌తో: 58 ఓములు, ఎస్‌డబ్ల్యూఆర్ 1.16
- గోడకు దూరంగా, గ్రిల్‌తో: 49 ఓములు, 1.02
- గోడకు దూరంగా, రెండు రేడియల్స్: 43 ఓములు, 1.16
- గోడకు దూరంగా, నాలుగు రేడియల్స్: 41 ఓములు, 1.22

ఎస్‌డబ్ల్యూఆర్ పెరిగింది, యాంటెన్నా బాగుపడింది. 2 లోపు ఉండే వెడల్పు 1.9 నుంచి 0.9 మెగాహెర్ట్జ్‌కు తగ్గింది. నాలుగు దాటి రేడియల్స్ వేయడానికి చోటు లేదు, ఇంట్లో ఓపిక కూడా లేదు.

ఖర్చు: కేసింగ్ పట్టీలు 100, వైరింగ్ పైపు 60.
ఇప్పటిదాకా మొత్తం: రూ. 4,040.

రోజు 18. కేబుల్‌ను పట్టుకున్నా రీడింగు కదులుతోంది. అంటే కేబుల్ బయటి అల్లిక కూడా రేడియల్‌లా పనిచేస్తోంది. ఆ అల్లిక మీది కరెంటును ఆపే చోక్ కావాలి. పాత కంప్యూటర్ పవర్ సప్లై లోంచి ఊడదీసిన పసుపు, తెలుపు రంగుల రింగు 40 రూపాయలకు తెచ్చి కేబుల్ చుట్టాను. తేడా శూన్యం. ఆ రంగు రింగు ఇనుప పొడితో చేసింది, పవర్ సప్లైలో డీసీని సాపు చేయడానికి. మనకు కావలసింది ఫెరైట్. రంగు చూసి కొనేవాళ్లు ఈ రింగును వదిలేయండి.

ఫెరైట్ కోసం వెతకడం మాని, ప్లంబర్ పారేసిన నాలుగంగుళాల పీవీసీ ముక్క మీద ఆర్‌జీ-58ను పక్కపక్కనే 12 చుట్లు చుట్టాను. లెక్క ప్రకారం 15 మైక్రోహెన్రీల చిల్లర, 14.1 మెగాహెర్ట్జ్‌లో 1,300 ఓములు పైమాటే. కేబుల్ ఎక్కడ పట్టుకున్నా 41 కదల్లేదు. కేబుల్ మారింది కాబట్టి (ఇప్పుడు 9 మీటర్లు, చోక్‌తో కలిపి) మళ్లీ మొదటి దశలోని అయిదు మెట్లూ ఎక్కాను. చీటీ మీద నంబరు 2.

ఖర్చు: రింగు 40, కేబుల్ 270.
ఇప్పటిదాకా మొత్తం: రూ. 4,350.

రోజు 19. అదే సమయం, అదే 10 వాట్లు, అదే అరగంట. విన్న స్టేషన్లు 23. రెండు సాయంత్రాల మధ్య ఆకాశం కూడా మారుతుంది కాబట్టి దీన్ని కొలత అనలేను. అందుకని తర్వాతి మూడు రోజులు తీగను పది నిమిషాలు గోడకు ఆనించి, పది నిమిషాలు దూరంగా పెట్టి మార్చి మార్చి పిలిచాను. రెండు సార్లూ నన్ను విన్న స్టేషన్లను మాత్రమే లెక్కిస్తే సగటు తేడా 3 డెసిబెల్స్ చుట్టూ, అంటే దాదాపు రెట్టింపు శక్తి, వచ్చింది. రెసిస్టెన్స్ లెక్కతో నేను ఆశించింది ఒకటిన్నర. గోడ ఇంకా ఏదో తింటోంది, మీటరుకు అది కనిపించలేదు. కొండ పక్క నుంచి ఒక ఇటలీ స్టేషన్ కూడా వినింది, -21 డెసిబెల్స్ దగ్గర, అంటే వినీ వినపడనట్టు.

చిత్తూరు దారిలో గాదంకి దగ్గర వాతావరణ పరిశోధనకు 53 మెగాహెర్ట్జ్ రాడార్ ఉంది. 130 మీటర్ల చదరంలో 1,024 యాగీ యాంటెన్నాలు. అన్నిటికీ సిగ్నల్ సరైన ఫేజులో అందితేనే పుంజం అనుకున్న వైపు తిరుగుతుంది. ఒక్క తీగకు, ఒక్క కేబుల్‌కు వారాలు పట్టిన మనిషిగా ఆ దారిలో బస్సులో వెళ్లినప్పుడు ఇక మీదట నమస్కారం పెట్టుకుంటాను.

రోజు 22, దీపావళి. వినడం పూర్తిగా దెబ్బతింది. ఎస్ మీటరు (రేడియోలో సిగ్నల్ బలం చూపేది) ఖాళీ బ్యాండు మీద ఎస్7 దగ్గర కూర్చుంది. రాత్రి తొమ్మిదింటికి పది నిమిషాలు కరెంటు పోయింది. రేడియో బ్యాటరీ మీద ఉంది కాబట్టి చూడగలిగాను: ఎస్7 నుంచి ఎస్3. నాలుగు ఎస్ యూనిట్లు, 24 డెసిబెల్స్. నా తీగకు ముసుగేసిన ఆ సీరియల్ లైట్ల అడాప్టర్లే రొద చేస్తున్నాయి. దాక్కోవడానికి చెల్లించిన అద్దె అనుకుని ఆ రాత్రి రేడియో కట్టేసి టపాసులు చూశాను.

అయిదో దశ: కుండీలో గొడుగు

2 మీటర్ల బ్యాండు సంగతి తొందరగా చెప్పేస్తాను. విరిగిన గొడుగు ఊచలు అయిదు, ఒక్కోటి 49 సెంటీమీటర్లు. ఒకటి నిలువుగా, నాలుగు ఏటవాలుగా, ఎస్‌ఓ-239 సాకెట్ మీద. దాన్ని పొడవాటి మనీప్లాంట్ కర్ర వెనక కట్టాను. 145 దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ 1.3. ఆకులు తడిస్తే 1.6. అంతరిక్ష కేంద్రం 145.800 మీద పంపిన చిత్రాలు ఒకసారి దొరికాయి, సగం గీతలతో.

ఒక హెచ్చరిక. ఇక్కడ ముందు 30 మీటర్ల పాత ఆర్‌జీ-58 చుట్ట వాడాను. దాని అవతలి చివర యాంటెన్నా ఊడిపోయి ఉందని తెలియక రెండు రోజులు పిలిచాను. మీటరు ఎస్‌డబ్ల్యూఆర్ 1.7 చూపిస్తూనే ఉంది. అంత పొడవు కేబుల్ 145 మెగాహెర్ట్జ్‌లో వెళ్లేటప్పుడు సుమారు 6 డెసిబెల్స్, వచ్చేటప్పుడు 6 తినేస్తుంది. చివర ఏమీ లేకపోయినా మీటరుకు ఏదో ఉన్నట్టే ఉంటుంది.

ఖర్చు: సాకెట్ 60, గొడుగు పాతదే.
మొత్తం: రూ. 4,410.

రోజు 31. ఈశాన్య రుతుపవనం దిగింది. రాత్రంతా వాన. మీటరు తగిలించే ముందు తీగను ఒక రెసిస్టర్ గుండా రేడియల్స్‌కు తాకించాను; మబ్బు పట్టినప్పుడు తీగ మీద చేరే స్టాటిక్ ఎనలైజర్ లోపలి భాగాలను కాల్చేయగలదు. ఉరుములు వినిపిస్తుంటే అసలు తీగ దగ్గరికే వెళ్లను.

వానలో: 14.04 మెగాహెర్ట్జ్, 47 ఓములు, ఎస్‌డబ్ల్యూఆర్ 1.06.
ఎండ వచ్చాక, పదకొండింటికి: 14.10, 41 ఓములు, 1.22.

ఏమీ మార్చలేదు.

రోజు 38. కార్తీక పౌర్ణమి వెళ్లాక లైట్లన్నీ విప్పేశారు. పొద్దుటి ఎండలో ఇనామిల్ తీగ ఎర్రగా తళుక్కుమంటోందని నాకు తెలియదు. వాచ్‌మన్ పైకి వచ్చి తలుపు కొట్టాడు.

"సార్, మాస్టారి వైపు లైట్ల తీగ ఒకటి మరిచిపోయారు. లాగేయమంటారా?"

వద్దన్నాను. గోడ రంగు పెయింటు, డబ్బా అడుగున మిగిలింది, మాస్టారి ఇంట్లో ఉంది. ఆయనే బ్రష్ కూడా ఇచ్చారు. తీగను దించి, మెరుపు పోయేలా పలచగా పూసి, ఆరాక మళ్లీ కట్టి కొలిచాను: 14.09, 41 ఓములు. సాయంత్రం కింద నిలబడి వెతికాను. కొక్కెం ఎక్కడుందో తెలిసిన నాకే తీగ దొరకడానికి నిమిషం పట్టింది. వాచ్‌మన్ కూడా నా పక్కనే నిలబడి పైకి చూస్తూ, "మంచి పని చేశారు సార్, తీసేశారు" అన్నాడు.